పంచాంగానికి పీట వేసే పండుగ

వినాయక చవితికి మట్టి ప్రతిమ ఉంటుంది. శ్రీరామనవమికి సీతారాముల కల్యాణం ఉంటుంది. దీపావళికి నరకాసురుడి కథ ఉంటుంది. ఉగాది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది ఫలానా దేవుడి పండుగ అని చెప్పడం కష్టం. ఆ రోజు దేవుడి ముందు పీట మీద పసుపు కుంకుమలు పెట్టించుకునేది ఒక పుస్తకం, అదీ అచ్చు సిరా వాసన ఇంకా పోని కొత్త పంచాంగం. దాని పక్కన ఒక గిన్నెలోనో, కొత్త కుండలోనో పచ్చడి. పంచాంగం లెక్కలోంచి పుడుతుంది, పచ్చడి చెట్టు మీంచి దిగుతుంది. ఈ రెండూ ఒకే రోజున కుదరాలి. అవి కుదరడానికి ఎన్ని సర్దుబాట్లు కావాలో చూస్తే ఉగాది ఆచారాల్లో చాలావాటి గుట్టు తెలుస్తుంది.

ముందు పేరు సంగతి. యుగానికి ఆది యుగాది, దాని తద్భవం ఉగాది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పేచీ ఎక్కడంటే, పురాణాలు యుగాది తిథులంటూ చెప్పే నాలుగింటిలో చైత్ర శుద్ధ పాడ్యమి లేదు. వైశాఖ శుద్ధ తదియ, కార్తీక శుద్ధ నవమి, భాద్రపద బహుళ త్రయోదశి, మాఘ మాసంలో ఒక తిథి - ఇదీ ఆ జాబితా. అందులో మనకు బాగా ఎరికైనది వైశాఖ తదియ, అంటే అక్షయ తృతీయ. పాడ్యమికి ఆధారం రెండు చోట్ల ఉంది. ఒకటి, బ్రహ్మ చైత్ర మాసం తొలి రోజున జగత్తును సృష్టించాడన్న పురాణ వాక్యం. రెండోది జ్యోతిష సిద్ధాంతం. కలియుగం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18న మొదలైందనీ, ఆ వేళ సూర్యచంద్రులిద్దరూ మేష రాశి తొలి బిందువు దగ్గర కలిసి ఉన్నారనీ సిద్ధాంతులు లెక్క ఎత్తుకుంటారు. సూర్యచంద్రులు కలవడమంటే అమావాస్య, ఆ కలయిక దాటగానే చైత్ర పాడ్యమి. అది ఎవరో ఆకాశం చూసి రాసిపెట్టిన రోజు కాదు. తరవాతి కాలపు గణకులు వెనక్కి లెక్క కట్టి తెచ్చుకున్న రోజు. ఏమైనా, యుగాదిలోని యుగం కథలోంచి కాక గణితంలోంచి వచ్చిందనుకుంటే ఈ పండుగ స్వభావం వెంటనే అర్థమవుతుంది.

ఆ గణితం చాలా తేలికగా మొదలై చాలా చిక్కుగా ముగుస్తుంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ముప్పై తిథులకు ఒక చాంద్రమాసం, సుమారు 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అలాంటి పన్నెండు నెలలు కూడితే 354 రోజులే వస్తాయి. ఋతువులు తిరిగి రావడానికి 365 రోజులు పైచిలుకు కావాలి. ఏటా పదకొండు రోజుల అప్పు. ఈ అప్పు ఒక నెలకు సరిపడా పేరుకునేసరికి, అంటే సుమారు 32 నెలలకొకసారి, అధిక మాసం వేసి తీరుస్తారు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో మార్చి 30కి జరిగింది. 2026లో మార్చి 19కి దిగింది. ఇలాగే వదిలేస్తే ఇంకో ఏడాదికి మార్చి మొదటి పక్షంలో పడుతుంది, కొన్నేళ్లకు సంక్రాంతితో కలిసిపోతుంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో 2027 ఉగాది ఒక్కసారిగా ఏప్రిల్ 7కు ఎగిరింది. సూర్యుడు మీనరాశిలో ఉండగా, అంటే సుమారు మార్చి 15 నుంచి ఏప్రిల్ 14 లోపల ఉగాది పడాలన్నది ఈ ఏర్పాటు సారం.

తిథి గడియారం ప్రకారం నడవదు. చంద్రుడి వేగాన్ని బట్టి ఒక్కో తిథి పంతొమ్మిది గంటల నుంచి ఇరవై ఆరు గంటలకు పైగా ఉండొచ్చు. సూర్యోదయ వేళకు ఏ తిథి ఉంటే ఆ రోజంతా ఆ తిథిదే అన్నది వాడుక నియమం. 2026 ఉగాది ఈ నియమానికే పరీక్ష పెట్టింది. దృక్ గణితం, అంటే ఆధునిక ఖగోళ లెక్క ప్రకారం పాడ్యమి మార్చి 19న సూర్యోదయమైన కాసేపటికి, ఏడు గంటలకు కొంచెం ముందు మొదలైంది. మర్నాడు తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే ముగిసింది. 19న సూర్యోదయానికి అమావాస్యే ఉంది, 20న సూర్యోదయానికి విదియ వచ్చేసింది. ఏ సూర్యోదయాన్నీ తాకని ఇలాంటి తిథిని క్షయ తిథి అంటారు. అప్పుడు అమావాస్యతో కలిసిన రోజునే పండుగ చేయాలి. అందుకే క్యాలెండర్లో అదే గడిలో అమావాస్య, అదే గడిలో ఉగాది. తలంటుకు కూర్చునే వేళకు అమావాస్య వెళ్లిందా లేదా అని పెద్దవాళ్లు పంచాంగం తిరగేసి మరీ చూసుకోవాల్సిన పరిస్థితి.

ఇది చాలదన్నట్టు లెక్క కట్టే పద్ధతులే రెండు. సూర్య సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని తరతరాలుగా వస్తున్నది పూర్వ పద్ధతి. ఆధునిక ఖగోళ గణితంతో సూర్యచంద్రుల స్థానాలను సరిచూసుకుని కట్టేది దృక్ పద్ధతి. రెండిటికీ తిథి మొదలయ్యే వేళలో కొన్ని గంటల తేడా వస్తుంది. చాలా రోజుల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. సూర్యోదయం అటూ ఇటూ అయిన చోట మాత్రం పండుగ రెండు రోజులవుతుంది, టీవీ చర్చల్లో సిద్ధాంతులు ఎదురెదురుగా కూర్చుంటారు. గ్రహణం పట్టు విడుపులకు మాత్రం ఇద్దరూ దృక్ లెక్కనే వాడుకోవడం ఇక్కడ గమనించదగ్గది. గ్రహణం అందరి కళ్లకూ కనిపిస్తుంది కదా.

ఇక సంవత్సరాల పేర్లు. ప్రభవతో మొదలై అరవై పేర్లు. నారదుడి సంతానమన్న కథ జనంలో ఉన్నా, అరవై అన్న అంకె మాత్రం గురుగ్రహం నుంచి వచ్చింది. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువ పడుతుంది. అయిదు చుట్లకు అరవై. గురుడు ఒక రాశి దాటే కాలం 361 రోజులే కాబట్టి ఆ లెక్కన పేర్లు సౌర సంవత్సరం కన్నా కొంచెం తొందరగా మారాలి. సుమారు 85 ఏళ్లకొకసారి ఒక పేరును దాటేయాలి. ఉత్తరాదిలో ఆ పద్ధతి నిలిచింది. దక్షిణాదిలో గురుడిని పక్కనపెట్టి ఏడాదికొక పేరు చొప్పున వరసగా చదువుకుంటూ పోయారు. ఫలితంగా ఒకే పాడ్యమికి కాశీ పంచాంగంలో ఒక పేరు, తెలుగు పంచాంగంలో ఇంకో పేరు కనిపిస్తాయి. రెండిటి మధ్య పది పేర్లకు పైగా దూరం పెరిగింది. మన లెక్క ఎంత తేలికో చూడండి. శాలివాహన శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే శేషమే సంవత్సరం వరస సంఖ్య. 2026 ఉగాదితో మొదలైన శకం 1948. పన్నెండు కలిపితే 1960, శేషం 40. నలభయ్యోది పరాభవ. 1966లో ఉగాది తరవాత పుట్టినవాళ్లు 2026 ఉగాదితో తమ పుట్టిన సంవత్సరం పేరును మళ్లీ కలుసుకుంటారు, వాళ్లకిది షష్టిపూర్తి. పేరు వినగానే పరాభవమా అని నొసలు చిట్లించేవాళ్లకు అరవయ్యో పేరు చరిత్ర కొంత ఊరట. అది క్షయ. అయినా చాలామంది అక్షయ అనే రాస్తారు, అనే పలుకుతారు. దీపం ఆరిందనడం ఇష్టం లేక కొండెక్కిందనే జాతి కదా.

సాయంత్రం గుళ్లోనో రచ్చబండ దగ్గరో జరిగే పంచాంగ శ్రవణం ఉగాదికి ఆయువుపట్టు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే అయిదు అంగాలు చెప్పి, ఆ ఏటి నవనాయకులను, అంటే ఏడాదిని ఏలే తొమ్మిది పదవుల్లోని గ్రహాలను ప్రకటిస్తారు. ఉగాది ఏ వారం పడితే ఆ వారాధిపతి రాజు. 2025లో ఆదివారం కనుక రవి, 2026లో గురువారం కనుక గురుడు. సూర్యుడు మేషంలో ప్రవేశించిన వారాధిపతి మంత్రి. 2026 ఏప్రిల్ 14 మంగళవారం కాబట్టి కుజుడికి ఆ పదవి దక్కింది. కర్కాటక సంక్రమణం నాటి వారాధిపతి సస్యాధిపతి, సూర్యుడు ఆర్ద్రా నక్షత్రంలో ప్రవేశించిన నాటి వారాధిపతి మేఘాధిపతి. ఇలా తొమ్మిది కుర్చీలూ వారాలను బట్టే నిండుతాయి. ఆ పైన ఎన్ని కుంచాల వాన, అందులో సముద్రం మీద ఎంత, కొండల మీద ఎంత, భూమి మీద ఎంత అని పంపకం. వాన లెక్కలో సాధారణంగా భూమి కన్నా సముద్రానిదే పెద్ద వాటా.

జనం అసలు చెవులు రిక్కించేది ఆదాయ వ్యయాల దగ్గర. "ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు" అనగానే మేషరాశి వాళ్లు ఇంటికి దిగాలుగా వెళ్తారు. ఆ అంకెలు ఎక్కడినుంచి వస్తాయో తెలిస్తే దిగులు కొంత తగ్గొచ్చు. దీనికి అష్టోత్తరి దశా సంవత్సరాలు, అంటే జ్యోతిషంలో ఒక్కో గ్రహానికి కేటాయించిన ఏళ్లు ఆధారం: రవికి 6, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, శనికి 10, గురుడికి 19, శుక్రుడికి 21. ఆ ఏటి రాజు సంఖ్యకు రాశ్యధిపతి సంఖ్య కలపాలి, మూడింతలు చేయాలి, అయిదు కలపాలి, 15తో భాగించాలి. శేషం ఆదాయం. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ మూడింతలు చేసి అయిదు కలిపి 15తో భాగిస్తే శేషం వ్యయం. 2025 విశ్వావసుకు రాజు రవి, మేషానికి అధిపతి కుజుడు. 6, 8 కలిస్తే 14. మూడింతలు 42. అయిదు కలిపితే 47. పదిహేనుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 2. ఆదాయం 2. మూడు మూళ్లు తొమ్మిది, అయిదు కలిపితే 14. వ్యయం 14. కలమూ కాగితమూ ఉంటే ఎవరైనా కట్టుకోవచ్చు.

ఈ సూత్రంలో మనిషి జాతకం ఎక్కడా లేదు. రాశ్యధిపతి ఒక్కడే అయితే అంకెలూ ఒక్కటే. అందుకే మేషానికీ వృశ్చికానికీ ఏటా ఒకే ఆదాయం, ఒకే వ్యయం. వృషభ తులలకూ, మిథున కన్యలకూ, ధనుర్మీనాలకూ, మకర కుంభాలకూ అంతే. మారేది రాజు ఒక్కడే, రాజు మారేది వారాన్ని బట్టే. అంటే పన్నెండు రాశుల ఆదాయ వ్యయాల పట్టికలు మొత్తం కలిపి ఏడే. ఆదివారం ఉగాది ఎప్పుడొచ్చినా మేషానికి 2, 14 తప్పవు. విన్నవాళ్లకు ఇది నిరుత్సాహం కలిగించవచ్చు గానీ, పంచాంగకర్తల దాపరికం ఇందులో ఏమీ లేదు. ఇది సరదాగా వినాల్సిన భాగమన్న సంగతి పాతవాళ్లకూ తెలిసే ఉంటుందనిపిస్తుంది. ఈ సరదాను సీరియస్‌గా పట్టుకున్నవి రాజకీయ పార్టీలు. ఉగాది నాడు ప్రతి పార్టీ ఆఫీసులోనూ పంచాంగ శ్రవణం జరుగుతుంది. అదే రాజు, అదే మంత్రి, అవే మేఘాలు. ఆఫీసు మారితే ఫలితం మాత్రం ఆ పార్టీకే అనుకూలం.

ఫలితాలు పక్కనపెడితే, అచ్చు క్యాలెండర్లు లేని రోజుల్లో ఈ శ్రవణం ఊరికి నిజంగా అవసరమైన సమాచారం. అధిక మాసం ఉందా, మూఢం ఎప్పుడు, అంటే పెళ్లిళ్లు ఎప్పుడు ఆపుకోవాలి, గ్రహణాలు ఎన్ని, ఏ కార్తె ఏ రోజున ప్రవేశిస్తుంది - ఇవన్నీ ఊరు ఒక్కసారే వినేది. వీటిలో కార్తెల సంగతి ప్రత్యేకం. ఉగాది చాంద్రమానం, కార్తెలు పూర్తిగా సౌరమానం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే ఒక కార్తె. ఉగాది మార్చి 19న వచ్చినా ఏప్రిల్ 13న వచ్చినా రోళ్లు పగిలే రోహిణి మే చివరి వారంలోనే వస్తుంది, మృగశిర జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. పండుగలు చంద్రుడి ప్రకారం చేసుకున్న రైతు విత్తనం మాత్రం సూర్యుడి ప్రకారమే వేశాడు. రెండు కాలాలనూ ఒకే పుస్తకంలో కుట్టి ఇచ్చింది పంచాంగం. దానికి పసుపు కుంకుమ పెట్టడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు గిన్నె దగ్గరికి. ఉగాది పచ్చడి అనగానే షడ్రుచులు, జీవితంలో కష్టసుఖాలు అని పాఠ్యపుస్తకాల దగ్గర్నుంచి వాట్సాప్ శుభాకాంక్షల దాకా ఒకటే మాట. పచ్చడి తినేటప్పుడు చదివే శ్లోకం వేరే చెప్తుంది:

శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ
సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణం

నూరేళ్ల ఆయువు, వజ్రంలాంటి శరీరం, సంపద, అరిష్ట నాశనం. ఇవి కోరి తినమన్నది నింబ కందళాన్ని, అంటే వేప చిగురును. ఆరు రుచుల ఊసు ఇందులో లేదు, సమభావం ఊసూ లేదు. అసలు వస్తువు వేప. మిగిలినవన్నీ ఆ చేదును గొంతు దించడానికి చేరినట్టు కనిపిస్తాయి. కర్ణాటకలో ఇప్పటికీ యుగాదికి పెట్టేది బేవు బెల్ల, వేప బెల్లం అంతే. మహారాష్ట్రలో గుడి పాడ్వాకూ వేపాకు నమలడం ఉంది. ఆరు రుచుల దాకా పెంచి, దాన్ని ఒక వంటకంగా నిలబెట్టింది తెలుగువాళ్లే. పులుపు మీద మనకున్న మమకారం ఇక్కడా పని చేసిందంటే కాదనలేం.

చేసే పని చూస్తే ఇది వంటకన్నా ఏరుకోవడం ఎక్కువ. పొద్దున్నే వేపచెట్టు కింద గుడ్డ పరిచి కొమ్మ దులిపితే పువ్వుతో పాటు కాడలు, పచ్చటి తొడిమలు, చీమలు కూడా పడతాయి. దాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో చెరిగి, తెల్లటి రేకులు మాత్రం వేరు చేయాలి. తొడిమ పడితే చేదు ముదురుతుంది. కొత్త చింతపండు పులుసులో కొత్త బెల్లం కరిగించి, మామిడికాయ సన్నగా తరిగి వేసి, ఉప్పు, పచ్చిమిరప లేదా మిరియం చేర్చి, పువ్వు చివర్లో చల్లుతారు. వగరు కోసం వేరే వస్తువు అక్కర్లేదు, లేత మామిడికాయ తొక్కలోనే అది ఉంటుంది. కోస్తాలో ఇది చిక్కగా ఉండి చెంచాతో అరచేతిలో పడుతుంది. తెలంగాణలో కొత్త కుండలో నీళ్లు ఎక్కువ పోసి పలచగా కలిపి, పుట్నాలు, అరటిపండు, కొబ్బరి ముక్కలు వేసి గ్లాసుతో తాగుతారు. ఒక చెంచా తిని మొహం చిట్లించడం ఒక చోట, రెండో గ్లాసు అడిగి తాగడం ఇంకో చోట. పచ్చడి తరవాతి పూర్ణం కూడా అంతే. కోస్తాలో బొబ్బట్లు, సీమలో ఓలిగలు, తెలంగాణలో బచ్చాలు, పోలెలు.

ఉగాదికి దేవుడు లేడన్న మాటను గుళ్లు ఒప్పుకోవు, అది నిజమే. తిరుమలలో ఉగాదికి ముందు మంగళవారం ఆలయమంతా శుద్ధి చేసే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, పండుగ నాడు ఉగాది ఆస్థానం జరుగుతాయి. ఆ ఆస్థానంలో స్వామి ముందు చదివేదీ పంచాంగమే. శ్రీశైలానికి ఉగాది అంటే కన్నడ భక్తులు. వందల కిలోమీటర్లు కాలినడకన, నల్లమల అడవి దాటుకుని వస్తారు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి చీరసారెలు తెస్తారు. దేవుని కడపలో ఇంకో దృశ్యం. అక్కడి లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడికి ఉగాది పొద్దున ముస్లిం కుటుంబాలు బెల్లం, చింతపండు, వేపపువ్వులతో వచ్చి దర్శనం చేసుకుంటాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అన్నది వాళ్ల లెక్క. అల్లుడి ఇంటికి పండుగ పూట వెళ్లడానికి ఏ శాస్త్రం అడ్డు చెప్తుంది?

ఈ పాడ్యమి అందరిదీ కాదు. తమిళ పుత్తాండు, పంజాబీ వైశాఖి, బెంగాలీ పొయిలా బొయిశాఖ్ సౌరమానం మీద ఏప్రిల్ 14 అటూ ఇటూగా స్థిరంగా ఉంటాయి. గుజరాతీలకు దీపావళి మర్నాడు కొత్త సంవత్సరం. ఉత్తరాదిలో పున్నమితో నెల ముగుస్తుంది కాబట్టి అక్కడ చైత్రం హోలీ మర్నాడే మొదలై, కొత్త సంవత్సరం నెల నడుమ వస్తుంది. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ గందరగోళానికి ఒక జవాబు చెప్పింది. 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉన్న జాతీయ పంచాంగంలో చైత్రం 1 ఎప్పుడూ మార్చి 22, లీపు సంవత్సరంలో 21. ఆకాశవాణి వార్తల్లో, గెజిట్‌లో ఆ తేదీ వినిపిస్తుంది, కనిపిస్తుంది. ఆ రోజు ఎవరింట్లోనూ పచ్చడి కలపరు.

సాహా సంఘం పట్టించుకున్న అసలు సమస్య మాత్రం తీరలేదు. మన పంచాంగాలు నక్షత్రాలను బట్టి సూర్యుడి రాశులను లెక్కిస్తాయి, ఋతువులు విషువత్తును, అంటే రాత్రీ పగలూ సమానమయ్యే రోజును బట్టి నడుస్తాయి. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల రెండూ సుమారు 71 ఏళ్లకొక రోజు చొప్పున విడిపోతున్నాయి. సుమారు పదిహేడు వందల ఏళ్ల కింద మేష సంక్రమణం, విషువత్తూ ఒక్కటే. ఇప్పుడు వాటి మధ్య 24 రోజుల దూరం. ఉగాది కూడా ఆ సంక్రమణంతో పాటే ఎండల్లోకి జరుగుతోంది, ఒక మనిషి జీవితకాలంలో గమనించలేనంత మెల్లగా.

ఏడాదికీ ఏడాదికీ మధ్య జరుగుడు మాత్రం ఎవరికైనా తెలుస్తుంది, వేపచెట్టు చూస్తే చాలు. 2021లో లాగా ఉగాది ఏప్రిల్ 13న వస్తే చెట్టు కింద నేల తెల్లగా ఉంటుంది, మామిడికాయకు పీచు పట్టి ఉంటుంది. మార్చి 19 లాంటి ఉగాదికి చాలా చోట్ల కొమ్మలు ఇంకా మొగ్గ మీదే ఉంటాయి. పండుగ ముందు రోజు మార్కెట్లో గుప్పెడు పువ్వు పొట్లానికి ఎంత చెప్తే అంతా ఇచ్చి కొనాలి. అదీ దొరకని ఇంట్లో, నిరుడు ఎండబెట్టి డబ్బాలో దాచిన వేపపువ్వు తీసి కొత్త సంవత్సరం పచ్చడిలో వేస్తారు.